మోకాలిలో వేసిన మందు ఎటు పోతుంది? ఉద్దానం నుంచి వచ్చిన ఒక కేసు

మోకాలి కీలులోకి ఇచ్చిన ఇంజెక్షన్ ఆ మోకాలిలోనే ఉండిపోతుందని పేషెంట్లు అనుకుంటారు. మేం డాక్టర్లమూ పెద్దగా కాదనం. "లోకల్ ఇంజెక్షనే, ఒంటికేం పట్టదు" అనేస్తాం. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ కేసులో బాగా తెలిసింది. శ్రీకాకుళంలో కీళ్ళ జబ్బులు చూసేవాళ్ళకి దీని అవసరం రోజూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పితో వచ్చేవాళ్ళలో చాలామందికి షుగర్ ఉంటుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్ళకైతే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా నొప్పి మాత్ర రాయలేం. పేషెంటును గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

కేసు

ఆమెకి 56 ఏళ్ళు. పలాస దగ్గర పల్లె. జీడి ఫ్యాక్టరీలో కింద కూర్చుని పప్పు ఒలిచే పని. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. క్రియాటినిన్ 1.6, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం) 38 దగ్గర. కిడ్నీ జబ్బు మూడో దశలో రెండో సగమన్నమాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇలాంటి రిపోర్టు చూస్తే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదీ కారణమని ఇంకా తేలలేదు. కానీ ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి నొప్పి మాత్రలు ఎంత చేటో మాత్రం బాగా తెలుసు.

ఎడమ మోకాలు ఏళ్ళ తరబడి నొప్పి, మెట్లెక్కితే ఎక్కువ. కుడి మోకాలు మాత్రం కొన్ని నెలలుగా వాచి ఉంది. "పొద్దున తొమ్మిదైతే గానీ వేళ్ళు ముడుచుకోవు బాబూ" అంది, అడక్కుండానే. ఆ ఒక్క మాటతో నా చూపు మోకాళ్ళ మీద నుంచి చేతుల మీదికి మళ్ళింది. రెండు చేతుల్లోనూ వేళ్ళ మొదటి కణుపులు మెత్తగా ఉబ్బి ఉన్నాయి.

ఆమె అసలు ఫిర్యాదు వేరే ఉంది. అంతకు ముందు వేరేచోట రెండు మోకాళ్ళకీ ఒకే రోజు ఇంజెక్షన్లు చేయించుకుంది. మూడో రోజుకి దాహం, మాటిమాటికీ ఒంటికి పోవడం, కళ్ళు తిరగడం. షుగర్ 412. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఏం తిన్నావని అందరూ అడిగారు, మోకాళ్ళకేం చేయించుకున్నావని ఎవరూ అడగలేదు. "నాను గంజి తప్ప ఏటీ తిన్లేదు బాబూ. మోకాలికి సూదేస్తే సుగరెందుకు పెరిగినాది?" ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగితే కేసు సగం అర్థమైనట్టే.

ఆ పాత చీటీలో "రెండు మోకాళ్ళకూ ఇంజెక్షన్ ఇచ్చాం" అని మాత్రమే ఉంది. ఏ మందో లేదు, ఎంతో లేదు. మన ప్రాంతంలో ఇది మామూలే, కానీ ఉండాల్సింది కాదు. దానితో పాటు నొప్పి లేచినప్పుడల్లా మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్ మాత్రలు.

చూసినప్పుడు

కుడి మోకాలు వెచ్చగా ఉంది, చిప్ప నీటి మీద తేలుతోంది. ఆమె ఆ కాలిని పూర్తిగా చాపదు, పూర్తిగా ముడవదు. కాస్త వంచి, కింద దిండు పెట్టుకుని పడుకుంటుంది. నీరు నిండిన మోకాలికి లోపలి ఒత్తిడి అన్నిటికంటే తక్కువగా ఉండే భంగిమ అది, సుమారు 30 డిగ్రీల వంపు. ఎవరూ నేర్పకుండానే పేషెంట్లందరూ అక్కడికే చేరుకుంటారు. అయితే ఎప్పుడూ అలాగే దిండేసుకుని పడుకుంటే మోకాలు అక్కడే బిగిసిపోతుంది. అది ఇంట్లోవాళ్ళకి చెప్పాలి.

ఎడమ మోకాలిలో ఎముక మొరటుగా తగులుతోంది, కదిపితే గరగరమంటోంది, నీరు కొంచెమే. ఎక్స్‌రేలో లోపలివైపు సందు తగ్గింది. రక్తంలో రుమటాయిడ్‌ని సూచించే ఆర్‌ఎఫ్, యాంటీ సీసీపీ పరీక్షలు రెండూ పాజిటివ్. అంటే కుడి మోకాలిది రుమటాయిడ్ (ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ళని దెబ్బతీసే జబ్బు), ఎడమ మోకాలిది అరుగుదల. ఒకే మనిషిలో రెండు రకాల మోకాళ్ళు పక్కపక్కనే దొరకడం అరుదేమీ కాదు. కానీ ఈ విషయం వివరించడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు.

రెండు ట్యూబులు

షుగర్ ఉన్న మనిషికి ఒక మోకాలు వాచి వెచ్చగా ఉంటే చీము పట్టలేదని తేల్చుకోకుండా స్టెరాయిడ్ (వాపు తగ్గించడానికి కీలులో వేసే మందు) వేయకూడదు. అందుకే మొదటి రోజు నీరు తీసి పరీక్షకి పంపడం వరకే. కుడివైపు 45 మిల్లీలీటర్లు వచ్చింది. ఎడమవైపు 5 మిల్లీలీటర్లు.

సూది మొన నుంచి ఒక్కో బొట్టూ వదిలి చూశాను. ఎడమ మోకాలి నీరు గడ్డిరంగులో, అద్దంలా ఉంది. బొట్టు పడేటప్పుడు తీగపాకంలా నాలుగైదు సెంటీమీటర్లు సాగి తెగింది. కుడి మోకాలి నీరు పసుపుపచ్చగా, మసకగా ఉంది. ట్యూబు వెనక అచ్చుకాగితం పెడితే అక్షరాలు కనబడలేదు. బొట్టు సాగలేదు, నీళ్ళలా టపటపా రాలింది. సాదా ట్యూబులో పోసి పక్కన పెట్టిన కుడివైపు నీరు కాసేపటికి జెల్లీలా గడ్డకట్టింది. ఎడమది కట్టలేదు.

ల్యాబు రిపోర్టు వచ్చేసరికి కొత్తగా తెలిసింది తక్కువే. కుడివైపు తెల్లకణాలు 14,000, వాటిలో ఎక్కువ న్యూట్రోఫిల్స్. ఎడమవైపు 400. ప్రొటీన్ కుడివైపు 4.6 గ్రాములు, ఎడమవైపు 2.4. సూక్ష్మక్రిములు లేవు, స్ఫటికాలు లేవు.

ఆ గడ్డ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. నీరు గడ్డకట్టాలంటే రక్తంలోని ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఉండాలి. దాని అణుభారం 3,40,000. ఆరోగ్యమైన మోకాలి రక్తనాళాలు అంత పెద్ద అణువుని లోపలికి రానివ్వవు, అందుకే మామూలు కీలు నీరు గడ్డకట్టదు. కుడి ట్యూబులో గడ్డ కనబడిందంటే నాళాల రంధ్రాలు పెద్దవయ్యాయని అర్థం. ఖరీదైన పరీక్షేమీ లేకుండా కంటికి కనబడే రుజువిది. (కణాల లెక్కకి పంపే ట్యూబు మాత్రం గడ్డకట్టనివ్వని ఈడీటీఏదే కావాలి. సాదా ట్యూబులో పంపితే కణాలు గడ్డలో చిక్కుకుని లెక్క తప్పుతుంది.)

లోపలికి ఎలా, బయటికి ఎలా

మోకాలిలో నీరు నిలవున్న సరుకు కాదు. ఎప్పుడూ వస్తూ పోతూనే ఉంటుంది. ఆరోగ్యమైన మోకాలిలో ఒక్కసారి చూస్తే కొద్ది మిల్లీలీటర్లే కనబడుతుంది, అంతే.

కీలు లోపలి పొర, అంటే సైనోవియం, ఒకటి నుంచి మూడు వరసల కణాలు. చర్మం కింద ఉన్నట్టు గట్టి పునాది పొర ఈ కణాల కింద ఉండదు, కణాల మధ్య సందులుంటాయి. ఆ సందులకి ఆనుకునే సన్నటి రక్తనాళాలు ఉంటాయి, వాటి గోడలకీ రంధ్రాలుంటాయి. అందుకే గ్లూకోజ్, సోడియం, లిగ్నోకైన్ (మత్తుమందు), కరిగిన స్టెరాయిడ్ లాంటి చిన్న అణువులు అటూ ఇటూ తేలిగ్గా పోతాయి. వచ్చిన దారినే రక్తంలోకి తిరిగి వెళ్ళిపోతాయి. ఇవి ఎంత వేగంగా పోతాయన్నది ఆ పొరకి అందే రక్తప్రవాహం మీద ఆధారపడుతుంది.

ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రొటీన్) లాంటి పెద్ద అణువులకి ఆ సౌకర్యం లేదు. లోపలికి రక్తనాళాల నుంచే వస్తాయి, బయటికి మాత్రం లింఫ్ నాళాల (ఒంట్లో మిగులు ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్న గొట్టాల) గుండానే పోవాలి. కీలు నీటికి జిగురునిచ్చే హైలురోనాన్ అయితే కీలు పొరలోనే తయారవుతుంది, అదీ లింఫ్ దారే పడుతుంది. ఈ రెండు దారులు వేరని మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

మనుషుల మోకాళ్ళలో దీన్ని కొలవడం 1950లలోనే మొదలైంది. రేడియోధార్మిక సోడియం కొంచెం మోకాలిలోకి ఎక్కించి, అది ఎంత వేగంగా మాయమవుతుందో బయటి నుంచి లెక్కపెట్టారు. వాచిన రుమటాయిడ్ మోకాళ్ళలో అది ఇంకా తొందరగా ఖాళీ అయింది. 1980లలో అమెరికాలో సియాటిల్‌కి చెందిన పీటర్ సిమ్‌కిన్ బృందం రేడియోధార్మిక గుర్తు తగిలించిన ఆల్బుమిన్‌తో ఇదే పని చేసింది. రుమటాయిడ్ మోకాళ్ళని, అరిగిన మోకాళ్ళని పోల్చింది. రుమటాయిడ్ మోకాలిలో ప్రొటీన్ లోపలికి రావడమూ ఎక్కువ, లింఫ్ గుండా బయటికి పోవడమూ ఎక్కువ అని తేలింది.

ఇది చాలామంది అనుకునేదానికి తలకిందులు. వాచిందంటే లోపల దారి మూసుకుపోయి నీరు నిలిచిపోయిందనుకుంటాం. నిజానికి బయటికి పోవడం పెరుగుతుంది, కానీ వచ్చేది అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. ఆ తేడాయే వాపు. "నీరు తీస్తే మళ్ళీ ఊరుతాదంట గదా బాబూ, మా ఊళ్ళో వద్దన్నారు" అని ఆమె అడిగితే చెప్పింది ఇదే: తీసినందుకు ఊరదమ్మా, ఊరే కారణం తగ్గనందుకు ఊరుతుంది.

బొట్టు సాగకపోవడానికీ ఇక్కడే కారణముంది. మామూలు కీలు నీటిలో మిల్లీలీటరుకి 2 నుంచి 4 మిల్లీగ్రాముల హైలురోనాన్ ఉంటుంది, ఒక్కో గొలుసు అణుభారం లక్షల్లో. ఆ పొడవాటి గొలుసులు పొర సందులు దాటలేక అక్కడే పోగై, నీరు ఒక్కసారిగా బయటికి జారిపోకుండా ఆపుతాయి. లండన్‌లో లెవిక్ కుందేళ్ళ మోకాళ్ళ మీద దీన్ని వివరంగా చూపించారు. వాపున్న కీలులో ఆ గొలుసులు ముక్కలవుతాయి, పలచబడతాయి, ఆ అడ్డు తగ్గిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది అంత సూటిగా ఉండదు. మామూలు మోకాలిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే కాస్త తక్కువ. నీరు నిండితే పెరుగుతుంది. అలా నిండిన మోకాలితో నడిస్తే, తొడ కండరం బిగిసినప్పుడల్లా లోపలి ఒత్తిడి సన్న రక్తనాళాలని నొక్కేసేంత పైకి పోతుంది. ఆ క్షణం పొరకి రక్తం అందదు. కండరం వదలగానే మళ్ళీ ఒక్కసారిగా అందుతుంది. అందుకే ఎర్రగా వెచ్చగా కనబడే మోకాలిలోనే లోపల ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. వాచిన మోకాలిలో చిన్న అణువులు ఎప్పుడూ వేగంగానే పోతాయని అందుకే కచ్చితంగా చెప్పలేం. ఎంత నీరుంది, ఎంత ఒత్తిడుంది అన్నదాన్ని బట్టి మారుతుంది. నీరు తీయడంలో నొప్పి తగ్గడమే కాక ఈ లాభమూ ఉంది.

ఏం చేశాం

మూడు రోజుల తర్వాత కల్చర్‌లో (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షలో) ఏమీ పెరగలేదని తేలాక ఆమె మళ్ళీ వచ్చింది. కుడి మోకాలు అప్పటికే ఉబ్బింది, ఈసారి 22 మిల్లీలీటర్లు తీశాను. అదే సూదిలోంచి ట్రయామ్‌సినోలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు వేశాను. కుడికి మాత్రమే.

నీరు పూర్తిగా తీసి వేయడం వెనక లెక్క ఉంది. 2000లో స్వీడన్‌లో జరిగిన పరిశీలనలో, రుమటాయిడ్ మోకాలిలో ముందు నీరు తీసి స్టెరాయిడ్ వేసినవాళ్ళకి, తీయకుండా వేసినవాళ్ళతో పోలిస్తే వాపు తిరగబెట్టడం సుమారు సగం తక్కువ.

ఇక అసలు ప్రశ్న, మందు ఎంతకాలం ఉంటుంది? ట్రయామ్‌సినోలోన్ కరిగిన మందు కాదు, సన్నటి స్ఫటికాలు కలిసిన ద్రవం. సీసా ఊపితే పాలలా అవుతుంది, వదిలేస్తే అడుగుకి దిగుతుంది. స్ఫటికంగా ఉన్నంతసేపు అది కీలులో ఉంటుంది. కరిగిన మరుక్షణం చిన్న అణువు, ఇక రక్తనాళాల దారి దానికి బార్లా తెరిచే ఉంటుంది. కాబట్టి మందు నిలవడం మోకాలి చేతిలో కన్నా స్ఫటికం కరిగే వేగంలో ఉంది. డెక్సామెథసోన్ లాంటి కరిగిన మందు గంటల్లోనే వెళ్ళిపోయేది అందుకే. ఇంకా నెమ్మదిగా విడుదలయ్యే ట్రయామ్‌సినోలోన్ రకానికి అమెరికా ఎఫ్‌డీఏ 2017లో అనుమతి ఇచ్చింది. దాని తయారీ అంతా ఈ ఒక్క సూత్రం మీదే.

అంటే మోకాలిలో వేసిన ప్రతి మిల్లీగ్రామూ చివరికి రక్తంలోకి రావలసిందే. కొన్ని రోజుల పాటు ఒంటికంతటికీ స్టెరాయిడ్ అందినట్టే. స్టెరాయిడ్ షుగర్‌ని పెంచుతుంది కాబట్టి, షుగర్ ఉన్నవాళ్ళకి అది మొదటి రెండు మూడు రోజుల్లో పెరిగి, వారంలో దిగుతుంది. శరీరం సొంతంగా చేసుకునే కార్టిసాల్ కూడా ఒకటి నుంచి నాలుగు వారాలు తగ్గవచ్చు. రెండు మోకాళ్ళకీ ఒకే రోజు వేస్తే రక్తంలోకి వచ్చేదీ రెట్టింపు. ఆ 412కి కారణం గంజి కాదు.

ఈసారి ముందే చెప్పి పెట్టాం. గ్లూకోమీటర్ ఎలా వాడాలో కూతురికి నేర్పించాం, 300 దాటితే ఫోన్ చేయమన్నాం. ఇంజెక్షన్‌కి ముందు పరగడుపున 146 ఉంది. మర్నాడు సాయంత్రం 278. రెండో రోజు మధ్యాహ్నం 312, ఫోన్ వచ్చింది. ఆమె షుగర్ డాక్టరుతో మాట్లాడి రెండు ఉదయాలు కొంచెం ఇన్సులిన్ ఇప్పించాం. ఐదో రోజుకి 190కి దిగింది, వారానికి మామూలు అంకెలు వచ్చాయి. ఆసుపత్రి అవసరం పడలేదు. పెరగడం తప్పలేదు గానీ, ఎందుకో తెలుసు కాబట్టి ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు.

ఇంజెక్షన్ అయ్యాక ఒక రోజంతా కాలు కదపకుండా ఉండమన్నాం. పలాస వెళ్ళే బస్సు ఎక్కకుండా ఆమదాలవలసలో కూతురింట్లో ఉంది, తర్వాతి రోజు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కింది. 1994లో బ్రిటన్‌లో ఈ 24 గంటల విశ్రాంతి మీద పరీక్ష చేశారు. వాచిన మోకాలికి స్టెరాయిడ్ వేశాక ఒక రోజు పడక మీద ఉన్నవాళ్ళకి నెలల తర్వాత కూడా లాభం ఎక్కువగా నిలిచింది. కదిలితే మందు త్వరగా వెళ్ళిపోతుందన్నది దానికి సులువుగా చెప్పే కారణం. ఇదే కదలిక ఇంకోచోట మేలు చేస్తుంది. కుందేళ్ళ మోకాళ్ళలో రక్తం ఎక్కించి మెషీన్‌తో ఆగకుండా కదిలిస్తే ఆ రక్తం బాగా తొందరగా ఖాళీ అవుతుందని 1983లోనే చూపించారు. దెబ్బ తగిలి రక్తం చేరిన మోకాలు వేరు, మందు వేసిన మోకాలు వేరు. "కదపాలా, కదపకూడదా డాక్టరుగారూ?" అని అడిగితే ఒకే జవాబు ఉండదు.

మాత్రలు, గుజ్జు, జెల్లు

డైక్లోఫెనాక్ పూర్తిగా ఆపించాం. ఇదీ కీలులోకి వెళ్ళి వచ్చే మందే, దాని నడక మాత్రం వేరు. రక్తంలో సగం తగ్గడానికి గంట, రెండు గంటలు పడుతుంది. కీలు నీటిలో అందుకు 3 నుంచి 6 గంటలు. రక్తంలో పతాక స్థాయి దాటిన రెండు గంటలకే కీలులో మందు రక్తంలో కంటే ఎక్కువగా ఉంటుంది, 12 గంటల వరకు అలాగే ఉంటుంది. ఆల్బుమిన్‌ని అంటుకుని ఉండటం వల్ల తొందరగా బయటికి రాదు. మాత్ర వేసుకున్న కొన్ని గంటలకి రక్తం ఖాళీ అయినా మోకాలికి ఉపశమనం కొనసాగేది ఇందుకే. నొప్పి ఇంకా పూర్తిగా పోలేదని గంటకోసారి మాత్ర మింగడం వల్ల లాభపడేది మెడికల్ షాపే. కిడ్నీకి పోయే రక్తాన్ని ఈ మందు తగ్గిస్తుంది, ఈమె కిడ్నీకి ఆ నష్టం భరించే శక్తి లేదు.

డైక్లోఫెనాక్ జెల్ అయితే పూయొచ్చా అని అడిగారు. ఒక మోకాలికి లెక్కప్రకారం పూస్తే ఒంట్లోకి చేరేది మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతం. కాగితం మీద బాగానే ఉంది. ఆమె రెండు మోకాళ్ళకీ, నడుముకీ, భుజానికీ ధారాళంగా పూస్తుంది. అందుకే అదీ వద్దన్నాను.

కొడుకు ఇంకో మాట అన్నాడు, "విశాఖపట్నంలో గుజ్జు ఇంజెక్షన్ వేస్తున్నారంట కదండీ, అది ఎడమ మోకాలికి వేయించమంటారా?" హైలురోనిక్ ఆమ్లం అది, పైన చెప్పిన హైలురోనానే. గొర్రెల మోకాళ్ళలో దీన్ని కొలిచారు. మామూలు కీలులో సగం పోవడానికి ఒక రోజుకి కాస్త తక్కువ, వాచిన కీలులో దాదాపు అందులో సగం సమయం. గొలుసుల్ని రసాయనికంగా కలిపి తయారుచేసిన రకాలు ఇంకొంచెం ఎక్కువ నిలుస్తాయి. ఎలా చూసినా అరిగిన గుజ్జు స్థానంలో కొత్తది నింపినట్టు మాత్రం కాదు. 2019 అమెరికన్ రుమటాలజీ కాలేజీ మార్గదర్శకాలు మోకాలి అరుగుదలకి దీన్ని షరతులతో వద్దనే చెప్పాయి. డబ్బు దాచుకోమన్నాను. మరీ చిన్న రైతు కుటుంబం.

తర్వాత

మోకాలిలో వేసిన స్టెరాయిడ్ ఆ మోకాలికి తాత్కాలిక సాయమే, జబ్బు చేతి వేళ్ళలోనూ ఉంది. రుమటాయిడ్‌కి సాధారణంగా మొదట రాసేది మెథోట్రెక్సేట్. అది కిడ్నీ గుండానే బయటికి పోతుంది కాబట్టి ఈమెకి దాన్ని పక్కన పెట్టాను. హైడ్రాక్సీక్లోరోక్విన్ తక్కువ మోతాదులో, సల్ఫసలజీన్ కొద్దికొద్దిగా పెంచుతూ మొదలుపెట్టాం. రక్తపరీక్షలు, కంటి పరీక్ష తప్పనిసరి. నెల తర్వాత కుడి మోకాలు చాలావరకు చదునైంది, క్రియాటినిన్ 1.5. ఫ్యాక్టరీలో బతిమాలి ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది.

మూడు నెలలప్పుడు, "ఎడమ మోకాలికీ ఆ సూదే ఏసీయండి బాబూ" అంది. ఆ మోకాలిలో నీరు తక్కువ, వాపు తక్కువ. ట్రయామ్‌సినోలోన్‌ని మూడు నెలలకోసారి రెండేళ్ళు వేస్తే మోకాలి మృదులాస్థి ఎక్కువగా తగ్గిందని, నొప్పిలో మాత్రం ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోలిస్తే తేడా లేదని 2017లో అమెరికా పరిశీలనలో వచ్చింది. ఒక్కసారి వేస్తే కొంపలు మునగవు. కానీ ఒకసారి వేస్తే ఆమె మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. తొడ కండరం వ్యాయామం నేర్పించి, ముందు అది చేసి రమ్మన్నాను.

ఊళ్ళో ఆమెను చూసే ఆర్‌ఎంపీకి కూతురితో ఒక చీటీ పంపాను. నొప్పి ఇంజెక్షన్లు, డైక్లోఫెనాక్ వద్దని, మోకాలికి ఎప్పుడు ఏ మందు ఎంత వేశామో అందులో రాశాను. ఆయన ఫోన్ చేశాడు. "మరి నొప్పెక్కువైతే ఏటివ్వమంటారు సార్?" పారాసిటమాల్, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టడం, అంతే అన్నాను. జ్వరంతో మోకాలు వాచితే మాత్రం ఏ సూదీ వేయకుండా అదే రోజు బస్సెక్కించి పంపమన్నాను.